గుండ్రం

డండీలో గురువారం వాన లేకపోతే
నది మీంచి మంచుపొగ లేచొస్తుంది.
ఆరోగ్య కేంద్రం, రెండో అంతస్తు.
పాఠం వకుళకి కాదట, నాకట.
మాట పోయింది ఆవిడకైతే
బడికి నన్ను పంపడమేమిటని
మెట్లెక్కుతూ గొణుక్కున్నాను.

ఐల్సా చిన్నపిల్ల, మా మేనకోడలి ఈడు.
కెమెరా ఒకటి బల్ల చివర పెట్టి
"ఊరికే కబుర్లు చెప్పుకోండి, పావుగంట" అంది.
చెప్పుకున్నామనే అనుకున్నాను.

మరుసటి వారం చూపించింది.
తెర మీద ఎవరో బట్టతలాయన,
కట్టెయ్యడం మరిచిన కుళాయి.
ఆవిడ పెదవి కదిపితే చాలు
మాట లాక్కుని పూర్తి చేసేస్తాడు,
ఒకరి చొక్కాకి ఇంకొకరి బొత్తాలు కుట్టినట్టు.
చెంచా పైకెత్తి
"ఇదేంటి? చెప్పు. చె... చెం..." అంటాడు.

"అది చెంచా అని మీకు తెలుసు" అంది ఐల్సా,
గొంతులో మందలింపు లేకుండా.
"ఆమెకీ తెలుసు.
మీకు తెలుసన్న సంగతీ ఆమెకి తెలుసు.
మరి పరీక్ష ఎవరికి?"

ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపాను.
ముసలమ్మలు పర్సులో చిల్లర ఏరుకునేదాకా
చేతులు చక్రం మీద పెట్టుకుని ఆగేవాణ్ణి,
వెనక ఎవరు విసుక్కున్నా.
ఇంట్లో మాత్రం
ఆవిడ మెట్టు మీద కాలు పెట్టకముందే
బండి కదిలించేస్తున్నాను.

ఏడో నిమిషం దగ్గర ఐల్సా వీడియో ఆపింది.
వకుళ ఎడంచేతి వేలు
బల్ల మీద గుండ్రంగా తిరుగుతోంది.
ఒకసారి కాదు, మూడుసార్లు.
బట్టతలాయన చూడలేదు,
పక్కింటి కుక్క ఆపరేషన్ మధ్యలో ఉన్నాడు.

ఆ రాత్రి టీవీ నోరు నొక్కేశాను.
కాగితం, లావుపాటి కలం పెట్టాను మా మధ్య.
అర్థం కాకపోతే అయినట్టు తలాడించొద్దంది ఐల్సా.
అన్నిట్లోకీ అదే కష్టం,
పెళ్ళయిన నాటి నుంచీ ఆ విద్య మీదే బతికినవాణ్ణి.
పది దాకా లెక్కపెట్టి ఆగమంది.
ఆరు దగ్గర నాలుక దురద.
ఎనిమిది దగ్గర ఫ్రిజ్ గొణుగుడు కూడా వినిపిస్తుంది.
తొమ్మిది.
"నిన్న" అంది వకుళ.
నిన్న అంటే నీళ్ళని ఈ మధ్యే పట్టుకున్నాను.
రేపు అంటే ఏమిటో ఇంకా తెలీదు.

గ్లాసు తెస్తే తోసేసింది.
కలం అందుకుని
వణికే ఎడంచేత్తో గుండ్రం గీసింది.
గాజు? అని రాశాను. కాదు.
చందమామ? మొహం అదోలా పెట్టింది.
ఉంగరం? అని రాసి
కాస్త సిగ్గుపడ్డాను కూడా.
ఆవిడ కళ్ళు మూసుకుంది,
పెదవులు మెల్లిగా కదులుతున్నాయి,
మూడు, నాలుగు, అయిదు...
నా కోసం ఆవిడా లెక్కపెడుతోంది.

చివరికి చేతికర్ర పట్టుకుని లేచి
వంటింట్లోకి నడిచింది. వెనకే నేను.
కుక్కర్ మూత తిరగేసి
నల్లటి రబ్బరు చుట్టు పీకి నా చేతిలో పెట్టింది.
రెండుచోట్ల పగిలి ఉంది.
"నిన్న, నిన్న" అంటూ
ఆవిరి నీళ్ళయి కారే అంచు చూపించింది.
నాలుగు నెలలుగా పప్పు ఉడకడంలేదని
కొట్టువాణ్ణి తిడుతున్నాను.
ఆవిడ నవ్వింది.
దానికి ఏ పాఠమూ అక్కర్లేకపోయింది.

ఆ సైజు రబ్బరు డండీలో దొరకలేదు.
శనివారం గ్లాస్గో బస్సెక్కాం.
డ్రైవరు కుర్రాడు మలుపులు బాగా కొడుతున్నాడు,
ఆ మాట చెప్పబోయి
పెదవి కొరుక్కున్నాను.
ఒకటి. రెండు.
కిటికీ అవతల తడిసిన గొర్రెలు.
ఆరు దగ్గర
"రేపు" అంది వకుళ, బయటికి చూస్తూ.

జేబులోంచి కాగితం తీశాను.