సుట్టబట్ట

దసరా సెలవులకు మూడు దినాల తిరుగుడు.
కారు మాది కాదు, బామ్మర్ది శేషప్పది.
మక్తల్ దాటంగనే ఏసీ ఆగిపాయె,
అద్దాలు దించితే
పొట్టకొచ్చిన వరి వాసన
లోపలికొచ్చి మా మధ్యల కూసున్నది.

నిన్న జూరాల కాడ
నీళ్ల తుంపర్లకు మా పిల్ల నాలుక చాపింది.
చేపలు తిన్నం. రేటు మీద
తినకముందు ఒకసారి, తిన్నంక ఇంకోసారి కొట్లాడినం.
రేపు సోమశిల.
ఈ పొద్దు కోయిలకొండ.

వెనక సీట్ల కుర్మమ్మ చిన్నమ్మ,
ఒళ్లో సీతాఫలాల గంప.
దారి పొడుగూత కిటికీలకెల్లి గింజలు ఊంచుకుంట
"మొలుస్తయ్ తియ్, మల్లొచ్చేసరికి" అన్నది.
మళ్లెప్పుడొస్తమో ఎవరం అడగలే.

కొండ మొదట్ల చెప్పులిడిసింది.
ఇది గుడి కాదు చిన్నమ్మా, కోట, అంటే
"రాయి కాలికి తెల్వాలె గద" అన్నది.

కొన్ని మెట్లు. కొన్ని ఉత్త బండలు.
వానలు పోయి పదిదినాలే,
రాళ్ల సందుల సన్నగ
నీళ్లింక గునుస్తనే ఉన్నయ్.
గునుగు తెల్లగ, తంగేడు పచ్చగ,
తూనీగలు గాలికి మేకులు కొట్టినట్టు
ఉన్నకాన్నే నిలబడి.
రెండో దర్వాజ కాడ నాకు ఊపిరాడలే.
శేషప్ప బురుజు నీడల కూలబడి
ఫోన్ల అడుగుల లెక్క చూసుకొని
"గింతేనా" అని దానితోని లొల్లికి దిగిండు.
పిల్లలు మేకలెంబడి పోయిన్రు.

చిన్నమ్మ పోతనే ఉన్నది.
అరవై నాలుగేండ్ల మనిషి.
మెడ నిటారుగ, చూపు రెండు గజాల ముందట,
నడుము కిందికే నడక,
తల మాత్రం
నిండు కుండను నిద్రపుచ్చుతున్నట్టు.

నెత్తి మీద తట్ట లేదు. సుట్టబట్ట లేదు.
కుడిచెయ్యి ఊకూకె
చెవి పక్కకు లేసి,
పట్టుకునేటందుకేం దొరకక
కొంగు సదురుకొని దిగుతున్నది.

మా చిన్నతనంల మేస్త్రి లారీ వచ్చేది.
ఏ నది మీది కట్టనో, ఏ భాష మాట్లాడే ఊరో,
చిన్నమ్మకు పేర్లు రావు.
ఎత్తు అడుగు, చెప్తది:
"తాటిచెట్టు మీద తాటిచెట్టు,
దాని మీద నీ అసుంటోడు నిలబడినంత."
రాయి మోసుకొని ఎక్కుడు,
బోర్లిచ్చుడు, ఎనకకు తిరుగుడు.

నేను రొప్పుకుంట మీదికి పోతుంటె
చిన్నమ్మ కిందికి దిగుతున్నది.

"గదేంది, అప్పుడే?"
"ఎక్కితి గదరా."
"ఏం చూసినవ్?"
"ఏం చూసుడు?"

చెయ్యి పట్టుకొని మళ్లీ మీదికి తోలుకపోయిన.
ఆ చెయ్యి
సిమెంటు సంచి లోపలి కాయిదం తీరు.

పైన గాలి.
కింద చెర్లు, ఒకదాని నీళ్లు ఇంకోదాన్ని అడుగుతున్నట్టు.
మా కారు ఎర్రచీమోలె.
చిన్నమ్మ ముందుగాల అటు చూడలే.
గోడను అరచేత్తోని చరిచింది,
చెవి పెట్టింది, సందుల గోరు దోపింది.
"మంచి పనోళ్లు" అన్నది.
అంతే. దాని మీద ఇంకో మాట లేదు.

అటెన్క కూసున్నది.
ఎట్ల కూసోవాల్నో తెల్వనట్టు
ముందుగాల ఒక పక్కకు, మళ్ల ఇంకో పక్కకు,
ఆఖరికి కాళ్లు బార్ల చాపి.
మా పిల్ల చున్నీ తీసి
"ఎట్ల చుట్టాలె నానమ్మా" అన్నది.
ఆమె వేళ్లు వాటంతటవే చుట్టినయ్.
పిల్ల దాని మీద నీళ్ల బాటిల్ పెట్టుకొని
నాలుగడుగులేసి పడగొట్టుకున్నది.
బాటిల్ దొర్లుకుంట పోయి దర్వాజకు తాకింది.
చిన్నమ్మ నవ్వితే
ఇన్నేండ్లల్ల నేను చూడని పన్నొకటి కనపడ్డది.

ఆమె లేసేదాక ఎవరం లేవలే.
శేషప్ప ఎప్పుడొచ్చిండో, వచ్చి పక్కన పండుకొని
గురక కూడ పెట్టిండు.

దిగేటప్పుడు మోకాళ్లు నొచ్చినయంట.
"దిగుడే కష్టంరా. అప్పట్ల ఉరికి దిగేది,
తెల్వకపోయేది."

కారు కాడ గంపల రెండే పండ్లు మిగిలినయ్.
ఒకటి పిల్లకిచ్చి, ఒకటి ఇప్పుకుంట అడిగింది:

"రేపటి తాన గూడ
పైన కూసోనిస్తరా?"