ఎర్తింగు

మెదడు చేసే చప్పుడు శానా చిన్నది.
వోల్టును పదిలక్షల ముక్కలు చేస్తే
అందుల కొన్ని ముక్కలు, గంతే.
దాన్ని పట్టేందుకు మూడేండ్లు
ఒక ఆంప్లిఫయర్ ముందట
సోల్డరింగు పొగ మింగుతూ కూసున్న.

నల్లగొండల లతీఫ్ సాబ్ గుట్ట కింద
ఫసీహుద్దీన్ సాబ్ తలకు టోపీ తొడిగి
మొదటిసారి స్విచ్చేస్తే
తెర మీద మెదడు లేదు.
యాభై హెర్ట్జుల గుయ్యిమనే గీత ఒక్కటే.
త్రీఫేజు కరెంటిచ్చిన పొద్దు
చుట్టుపక్కల బోరుమోటర్లన్నీ
ఆ ముసలాయన పుర్రెల నడుస్తున్నట్టు.

మా నాయిన నకిరేకల్‌ల మోటర్లు వైండింగు చేస్తడు.
కాలిన వార్నీషు వాసన లేని అన్నం
నేను హాస్టల్‌కు పోయినంకనే తిన్న.
ఆయన చుట్టిన రాగితీగే నా రిసెర్చికి అడ్డమొచ్చిందని
ఫోన్ల చెప్తే
శానాసేపు నవ్విండు.

సాబ్ నలభై ఏండ్లు అరబ్బీ చెప్పిండు.
పోయిన చలికాలం పక్షవాతమొచ్చి
ముందుగాల తెలుగు పోయింది,
దాని వెనుక ఉర్దూ.
చెంచా పేరు పోయింది. మనవరాలి పేరు పోయింది.
పద్నాలుగు వందల ఏండ్ల కిందటి ఎడారి పద్యాలు మాత్రం
ఒక్క అక్షరం జారలేదు.
చాయ్ కావాలన్నా ఒంటె మీద పద్యమే చదువుతడు.

మనవరాలు సుమయ్య పీహెచ్‌డీ ఆ పద్యాల మీదనే.
"గుడారాలు ఎత్తుకొని పోయినంక
పొయ్యిరాళ్ళూ బూడిదా మిగులుతయి.
అక్కడ ఆగి మొదలుపెడతడు కవి" అన్నది.
డాక్టర్ యాదగిరి అప్పుడే
స్కాన్ ఫిల్మును కిటికీకి పట్టిండు.
ఎడమదిక్కు, చెవికి కొంచెం పైన, నల్లటి జాగ.
ఎవ్వరం ఏమనలేదు.

మన పద్యానికి పాదాలుంటయి, నడుస్తది.
వాళ్ళ పద్యానికి ఇల్లని పేరు.
బైత్ అంటే ఇల్లు, గుడారం, పద్యం.
దాన్ని నిలబెట్టే గణాలు రెండు,
ఒకటి సబబ్, తాడు.
ఒకటి వతద్, మేకు.
మనం ఊరికె "సబబే" అంటం చూడు,
అది ఒకప్పుడు తాడంట.
సుమయ్య ఇది చెప్తుంటే
నాకు మేకు కాడ బుర్ర ఆగింది.

పెరట్లకు ఉరికిన.
మీటరు కింద ఎర్తింగు గుంత
రెండెండకాలాలు నీళ్ళు చూడనట్టుంది.
ఇనుపరాడు చుట్టూ నేల పగిలి
వేలు పట్టే సందు.
మిషన్ బంద్ చేసినం, లాప్‌టాప్ మూసినం.
బొగ్గు పోసిన, ఉప్పు పోసిన, రెండు బకెట్ల నీళ్ళు.
నేల గటగట తాగుతున్నది.

గడప మీద కుర్చీల కూసొని చూస్తున్న సాబ్,
తల మీద జెల్లు ఇంకా ఆరలేదు,
కూర నోట్లె పెట్టుకున్న మనిషి లెక్క
"ఉప్పు తక్కువ" అన్నడు.

తెలుగుల.

సుమయ్య చేతుల బకెట్టు అట్లనే ఉన్నది.
మళ్ళ అడిగితే
ఒంటె, ఇసుక, తెల్లారగట్ల చుక్క.
అంతే.

ఇంకో పిడికెడు ఉప్పేసిన.
ఆ పొద్దు గీత తేటగ వచ్చింది,
కండ్లు మూసినప్పుడల్లా సెకనుకు తొమ్మిది అలలు,
పద్యం ఎత్తుకుంటే చెదిరి వేరే నడక.
ప్రింటు తీసి గోడకు అంటించుకున్న.
నాకు కావాల్సిన మాట మాత్రం
మిషన్ బంద్ ఉన్నప్పుడు వచ్చింది.
విన్నవాళ్ళం ముగ్గురం, మూడు శాఖలం.
ముగ్గురిది కలిపినా ఒక రికార్డు కాదు.

థీసిస్‌ల ఆయనకు పేరు లేదు, ఏడో నంబరు.
వయసు డెబ్బై ఆరు.
అరబ్బీ గడిల నాలుగంకెల లెక్క,
ఉర్దూ సున్నా.
తెలుగు గడి శానా రోజులు ఖాళీగ పెట్టిన.
ఒక రాత్రి "రెండు" అని రాసిన.
డాక్టర్ యాదగిరి చూసి
కొట్టేసి సున్నా పెట్టిండు,
పెన్సిల్‌తోని.