కడ కొళాయి

అనంతపురం. మున్సిపల్ మీటింగ్ హాలు.
ఏసీ ఒకటే పనిచేస్తాంది,
అదీ వేదిక వైపు.

తెర మీద ఊర్లు మారుతున్నాయి.
సియోల్‌లో కప్పేసిన వాగును మళ్లీ తవ్వి తీశారంట.
(మన నడిమి వంక మాట ఎవరూ ఎత్తలేదు.)
నాంపెన్‌లో బీదోళ్ల పేటలకూ మీటర్లు పెట్టి
పగలూ రాత్రీ నీళ్లిచ్చారంట.
సింగపూరు సరే సరి,
ఏటా ఎవరో ఒకరు చూసొస్తూనే ఉంటారు.

నేను మినిట్స్ రాసుకుంటున్నాను.
అవుట్‌సోర్సింగ్ టైపిస్టుని, మూడు నెలల జీతం రావాలి.
పాఠం ఒకటి: భాగస్వామ్యం.
పాఠం రెండు: జవాబుదారీతనం.
వేళ్లకు అలవాటైన మాటలు,
చూడకుండానే పడతాయి.

సమోసాల ట్రే మోసుకొచ్చి
వెనకాలే నిలబడిపోయాడు హొన్నూరప్ప.
పాతూరు లైన్లో వాల్వు తిప్పే మనిషి.
భుజమంత ఎత్తు ఇనప కీని గోడకానించి
బడిపిల్లోడి మాదిరి చెయ్యెత్తాడు.

"సార్, ఆ ఊర్లో వాల్వు ఎవురు తిప్పుతారు?"

"ఎవరూ తిప్పరయ్యా. ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

హాలంతా నవ్వింది.
ఆయన నవ్వలా. కాసేపు ఏదో లెక్కేసుకున్నాడు.
"అట్లయితే ఆడ ఆడోళ్లు
రాత్రిపూట నిద్రబోతారన్న మాట."

ఎవరో దగ్గారు.
తర్వాతి స్లైడు వచ్చింది.

నాకు మా సందు కళ్లముందుకొచ్చింది.
మూడు దినాలకొకసారి, రాత్రి రెండున్నరకు,
బిందెల చప్పుడు.
కొంగు దోపుకుంటూ షంషాద్.
నిద్రలోనే నడిచొచ్చే మారెక్క కూతురు,
పొద్దున దానికి లెక్కల పరీక్ష.
మేడల మోటర్లు ముందే పీల్చేస్తే
మా పైపులకు మిగిలేది గాలి,
గురగురమని.

చీకట్లో, వాల్వు గుంత దగ్గర,
హొన్నూరప్ప బీడీ నిప్పు.
లైనుకు నలభై నిమిషాలే అని రూలు.
మారెక్క కడ కొళాయి కింద చెయ్యి పెట్టి
"నిండింద్రోయ్!" అని కేకేస్తే తప్ప
ఆయన వాల్వు కట్టడు.
ఏ జీవోలోనూ లేదది.
అందుకు రెండుసార్లు మెమో ఇచ్చారు.
రెండూ టైపు చేసింది నేనే.

సాయంత్రం మినిట్స్ సంతకానికి పోయినాయి.
తొమ్మిదో పాఠం కింద ఒక వాక్యం అదనంగా కొట్టాను:
"నీళ్లు అందినవో లేదో
కడ ఇంటివారిని అడగవలెను."

సార్ దాని కింద ఎర్ర గీత గీసి
పక్కన రాశారు: ఆధారం?

ఇంకా జవాబు పెట్టలేదు.
ఈ రాత్రి మా లైను వంతు.
బిందెలు తోమి గడపలో పెట్టుకున్నాను.