తూకంలో లేనిది

రాంనగర్ చేపల మార్కెట్లో ఆదివారం పొద్దున
గంగమణి కత్తిపీట ముందు పెద్ద బొచ్చె.
ముళ్ళకంటిన మాంసం ఎవరూ అడగరు;
నాకోసం గీకి, మంచుముక్కల్లో కట్టిస్తుంది.
"దీంతోని ఏం జేస్తవ్ బిడ్డా?"
"సప్పుడు వినిపిస్తా."

తార్నాకలో మా ల్యాబు. బీకరు చుట్టూ ఐసు,
లోపల వేలెడు టైటానియం కడ్డీ.
రెండు సెకన్లు మోత, నాలుగు సెకన్లు ఊరట.
అసలు మోత చెవికందదు;
అందే కీచుకే ఈ డొప్పలు.
కంటికానని బుడగలు పుట్టి, చితికి,
ముడుచుకున్న ప్రోటీను
పిడికిలి సడలినట్టు విచ్చుకుంటుంది.
నిన్న అడుక్కి దిగిపోయిన పొడి
ఇవాళ నురగై నిలబడింది,
నూనెతో కలిసిపోయింది.

ఆశపడి ఓసారి పావుగంట ఎక్కువ పెట్టాను.
మళ్ళీ ముద్ద.
చెబితే గంగమణి నవ్వింది:
"పిండి పిసుకుడు గూడ గంతే.
ఎప్పుడాపాల్నో చెయ్యికే ఎరుక."

ముప్పయ్యేళ్ళ బేరాల కేకలకు
ఆమె ఎడమ చెవి ఎప్పుడో మూసుకుపోయింది.
కుడిచెవి నావైపు తిప్పి అడిగింది:
"గా సప్పుడు నాకినిపిస్తదా?"
ఎవ్వరికీ వినిపించదన్నాను.

ఎందుకో, ఆ మాట ఆమెకి నచ్చింది.
పొలుసుల చేత్తో ఇంకో పిడికెడు వేసింది,
కాటా ఎక్కించకుండానే.