కొసరు

మంగళవారం తెల్లారకముందే
మా వీధి వీధిలా ఉండదు.
ఇనుప గొట్టాలు రాళ్లమీద పడ్డ మోత,
టార్పాలిన్ విప్పుతుంటే గాలి దాన్ని కొట్టే చెంపదెబ్బ,
ఎవరో ఎవర్నో బూతుతో పలకరించి నవ్వడం.
మోంతెవిదేయోలో జూలై అంటే
నదిమీంచి లేచొచ్చి ఎముకలు లెక్కపెట్టే చలి.
కొట్టు షట్టరు సగానికి ఎత్తి
మాతే బుర్రలో వేడినీళ్లు వొంపుకుంటూ చూస్తాను,
రాత్రి కార్లు పడుకున్న చోట కాలీఫ్లవర్లు.

నాది బొత్తాల కొట్టు. మా అత్త ఓఫెలియా పెట్టింది.
గోడ నిండా సొరుగులు.
ఒక్కో సొరుగు ముఖాన, లోపలున్నదేమిటో చెప్పడానికి,
ఒక బొత్తాం కుట్టి ఉంటుంది.
నలుగురు మెట్టెక్కితే ఆ రోజు పండగ.

విల్మార్ కనెలోనెస్ పొలాల నుంచి వస్తాడు,
తలుపు సరిగా పడని లారీలో.
గుమ్మడికాయలకి మట్టి, గోళ్లకీ అదే మట్టి.
ముల్లు కిలో దాటాక కూడా
ఇంకో ఉల్లిపాయ వేస్తాడు.
ఆఖర్న, ఎటో చూస్తున్నట్టు,
గుప్పెడు పార్స్‌లీ సంచిలోకి జారుస్తాడు.
"తూకం నాది, కొసరు దేవుడిది" అంటాడు,
దేవుణ్ణి నమ్మని మనిషి.

మార్చిలో మూలమీద సూపర్‌మార్కెట్ తెరిచారు.
నేనూ వెళ్లాను. ఒప్పుకుంటున్నాను.
నెలాఖరు, అద్దె బాకీ, సగం ధర బోర్డు.
సంచి కోటు కింద దాచుకుని
చుట్టూ తిరిగి వెనక సందులోంచి వస్తున్నాను.
లారీకి ఆనుకుని విల్మార్ సిగరెట్ కాలుస్తున్నాడు.
చూశాడు. కోటు కింద ఉబ్బూ చూశాడు.
"చలిగా ఉంది" అన్నాడు.
"చలే" అన్నాను.

ఆ టమాటాలు చప్పగా ఉన్నాయని చెబితే
నా కథ ముచ్చటగా కుదిరేది.
లేవు. బాగానే ఉన్నాయి.
యంత్రం గ్రాముకి గ్రాము తూచింది,
నన్ను మోసం చెయ్యలేదు.
ఎవరికీ రుణపడే సందు మాత్రం
ఆ తూకంలో ఎక్కడా లేదు.

రెండు మంగళవారాలు నేను బయటికి రాలేదు.
ఉన్న బియ్యంతో, గుడ్లతో సరిపెట్టుకున్నాను.
మూడో వారం, అంగళ్లు ఎత్తేసే వేళకి
గుమ్మంలో విల్మార్, టోపీ చేతపట్టుకుని.
బూట్ల మట్టికి జంకి
పదిహేనేళ్లలో ఒక్కసారీ లోపలికి రాలేదు.
కోటు చూపించాడు, రెండో బొత్తాం లేదు.
"మా అమ్మాయి మాల్‌లో కొత్తది కొనుక్కోమంటోంది, దోన్యా నెలిదా.
దీనికి నా భుజాలు తెలుసు."

పదకొండు సొరుగులు లాగాను.
గోధుమరంగు, నాలుగు కన్నాలు, అంచున సన్నటి గీత.
చేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది,
బొత్తాం మాత్రం ఉంది.
ఒంటిమీదున్న కోటుకే కుట్టాను.
బస్తాలు మోసే మనిషి
సూదికి ఊపిరి బిగబట్టాడు.
దారం పళ్లతో కొరుకుతుంటే
ఉల్లిపొర వాసన.

"ఎంత?"
పూర్తి ధరే చెప్పాను.
తగ్గిస్తే నొచ్చుకుంటాడు, నాకు తెలుసు.
నోట్లు విడివిడిగా లెక్కపెట్టి ఇచ్చాడు.
అతను టోపీ సర్దుకుంటుండగా
ఎటో చూస్తున్నట్టు
ఇంకో బొత్తాం అతని జేబులోకి జార్చాను.

పార్స్‌లీ ఊసు అతను ఎత్తలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం మున్సిపాలిటీ వాళ్లు గొట్టంతో వీధి కడిగారు.
కాలీఫ్లవర్ ఆకులు కాలవలోకి కొట్టుకుపోయాయి,
కార్లు తమ చోటికి తాము వచ్చేశాయి.
మూలమీద దీపాలు వెలిగాయి.
ఇంట్లో పాలు లేవు. విల్మార్ పాలు అమ్మడు.
వెళ్లి తెచ్చుకున్నాను,
ముందు వీధిలోంచే,
సంచి చేతిలో ఊపుకుంటూ.