పదకొండో నంబరు చీటీ

ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిన మూడో రోజు
మొగిలప్ప యూరియా గోతంలో చుట్టుకోని
తుపాకి తెచ్చినాడు స్టేషనుకి.
బస్సులో పక్కనామె
చెరుకు గడలా అన్నా, అని అడిగిందంట.

నేను రైటర్ని. రెడ్డెమ్మ అంటారు.
పలమనేరు స్టేషన్లో పన్నెండేండ్లుగా
రాత నాది, బీరువా తాళాలు నావి.
ఒంటి గొట్టం, మందు దట్టించేది.
పిడి మీద ఇత్తడి రేకు,
రేకు మీద వాళ్ల నాయన పేరు అరిగి అరిగి
‘గంగు’ వరకే మిగిలింది.
గుడ్డ చీటీ మీద పదకొండు అని రాసి
మీటకి కట్టినాను.
పెండ్లి కంకణం మాదిరి ఉందే అని
హోంగార్డు నవ్వినాడు.
మొగిలప్ప నవ్వలేదు.
"రెండు నెలలా తల్లీ? చెనిక్కాయ గట్టిపడే కాలం.
ఎలక్షనని పందులకెవరు చెప్తారు?"

ఓట్లయినాయి, లెక్కలయినాయి.
అందరూ వచ్చి తీసుకపోయినారు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆయన
తోలు సంచిలోని రెండు గొట్టాల దానికి
డ్రైవర్ని పంపితే, తిప్పి పంపినాను.
ఆ తుపాకి ఇంతవరకు పేలిందే లేదు,
ఫోటోల్లో తప్ప.
పదకొండు మాత్రం గోడకి ఆనుకోని అట్లే ఉండాది.
రెండు నోటీసులు పంపితే జవాబు లేదు.
మూడోది నేనే తీసుకోని పోయినా,
కౌండిన్య అడవి అంచుకి.

చేను చూస్తే
ఎవరో పిచ్చిపట్టి గడ్డపారతో తవ్వినట్టు ఉంది.
చుట్టూ పాత చీరలు కట్టినాడు,
బీరు సీసాలు జతలు జతలుగా వేలాడదీసినాడు.
గాలికి మోగతా ఉన్నాయి.
"ఈయన జాలంతా పందులు తిన్నాయమ్మా"
అనింది వాళ్లింటామె, నాకు చెంబు అందిస్తా.

కాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పినాడు.

"రాత్రి రెండుకి కదా మనకి త్రీఫేజు కరెంటు.
మంచె మీద ఉండా. చేలో కదిలింది.
చెయ్యి దానంతట అదే పక్కకి పోయింది.
పిడి దొరకలేదు, దుప్పటి దొరికింది.
ఇంకేం చేసేది? నోరు తెరిచినా.
ఎవరదీ? అన్నా.

పంది దగ్గింది.

నేనే పెదనాయనా,
మోటారు వేసేదానికి వచ్చినా, అనింది.
సిద్దవ్వ కొడుకు. పదహారేండ్లోడు.
వాళ్ల నాయనకి జరం.
టార్చిలో బ్యాటరీ అయిపోయిందంట."

సీసాలు మోగినాయి.

"ముప్పై రెండేండ్లు ఉండింది తల్లీ నా దగ్గర.
ఎవరదీ అని ఒక్కనాడూ అడగలేదు.
పందినెవరడగతారు?
ఇప్పుడు పడుకుంటే లెక్క వేస్తా ఉండా,
ఆ ముప్పై రెండేండ్లలో
ఎన్నిసార్లు కదిలింది, ఎన్నిసార్లు పేల్చినా,
పొద్దన్నే పోయి చూడనివి ఎన్ని."

లైసెన్సు ఫారం నాకు కంఠతా వచ్చు.
ఎన్నెకరాలు, ఏం పంట, ఏ జంతువు బాధ,
మీద కేసులున్నాయా, తలకాయ సరిగా ఉందా,
ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు.
చీకట్లో ఎంతసేపు ఆగగలవు అనే గడి
అందులో ఎక్కడా లేదు.
ఉన్నా ఏం రాస్తారు? అందరూ ‘చాలాసేపు’ అనే రాస్తారు.

"ఇచ్చేస్తే మళ్లీ రాదన్నా.
నీ కొడుక్కీ రాదు, మళ్లీ మొదటినుంచి అర్జీ పెట్టల్ల."
"రాసుకో."
"నష్టానికి ఫారెస్టోళ్లని అడిగినావా?"
"ఫోటోలు తెమ్మన్నారు. పందులతో కలిసి."

చిత్తూరుకి పంపే కాగితంలో
‘కారణం’ అనే గడి అర అంగుళం.
వయసు మీద పడినందున అని రాసినాను.
కొట్టేసినాను.
టీ తాగొచ్చి మళ్లీ అదే రాసినాను.

కలెక్టరాఫీసు నుంచి ఇంకా ఏమీ రాలేదు.
పదకొండు అక్కడే ఉండాది,
చీటీ ముడి దగ్గర నల్లబడతా.

నిన్న ఫోన్ చేసినాడు.
తుపాకి గురించి కాదు.
మీరు పట్టుకున్న సీసాలు ఉంటాయి కదా తల్లీ,
ఓ నలభై దొరుకుతాయా అని.

ఉన్నాయన్నా, అన్నాను.
కేసు తేలాల.