కొమ్ముల ఆకు

రాత్రే బొక్కెనెడు నీళ్ళు పోసి ఉంచాను.
తడిసిన మట్టి తొట్టిని తొందరగా వదుల్తుందని
నర్సమ్మ సులోచనా రయితా చెప్పి వెళ్ళింది,
కొండ మీది ఆస్పత్రికి బదిలీ అయిన రోజున,
మొక్కని నా చేతిలో పెట్టి.

"దీని పేరు హాలీ" అంది.
రంగుల పండగా? అన్నాను.
కాదు, క్రిస్మస్‌కి గుమ్మానికి కడతారు, అంది.
పేరు నా నాలిక్కి పట్టలేదు.
ఆకు మాత్రం కంటికి పట్టింది.
నూనె రాసినట్టు నున్నగా, మూల మూలకీ ముల్లు,
పైకి తిరిగిన రెండూ మరీ గిత్త కొమ్ములే.
పర్లాకిమిడిలో కొమ్ము చెక్కి బతికేవాడికి
ఇంతకంటే ఏ మొక్కనిస్తారు?

ఏడేళ్ళు.
దుకాణం మెట్టు పక్కన,
కొంగబొమ్మలు ఆరబెట్టే బల్ల నీడలో,
ఒడియా బేరాలూ తెలుగు తిట్లూ వింటూ ఉంది.
ఈ ఏడు ఆకు పసుపెక్కింది.
నీళ్ళు పోస్తే పైనుంచే జారి వీధిలోకి పోయేవి.
అడుగు చిల్లులోంచి వేరొకటి బయటికొచ్చి,
గచ్చుని చూసి,
మళ్ళీ లోపలికే తిరిగిపోయింది.

వానలు వెలిసిన పొద్దున
నేనూ మా పనిగుంటడు బిభూతీ
తొట్టిని పక్కకి పడుకోబెట్టాం.
కొయ్యసుత్తితో చుట్టూ తట్టాను,
కొమ్ములోంచి ఎముక ఊడదీసేటప్పుడు తట్టినట్టే.
"ధీరే, ధీరే" అంటాడు వాడు.
నాకు పని నేర్పేవాడయ్యాడు!

రాలేదు.
సన్నరంపం అంచు వెంట దింపి తిప్పాను.
అప్పుడొచ్చింది, ఒక్కసారే,
తొట్టి ఆకారమే తన ఆకారంగా.
మట్టి ఏదీ? అంతా వేరే.
చుట్టి చుట్టి చుట్టి, చాప అల్లినట్టు.

విప్పుతుంటే వేలికి తగిలింది
నల్లగా, జారుగా,
ఒక పక్క తప్ప ఇంకెక్కడా చిరగని
నర్సరీ ప్లాస్టిక్ సంచీ.
బిభూతి నా మొహం చూశాడు.
నేను వాడి మొహం చూడలేదు.
సంచీ తియ్యకుండా నాటింది నేనే.
ఏడేళ్ళూ రోజుకో చెంబు పోసి
చెట్టుకి చేశాననుకున్నదంతా
ఆ సంచీకి చేశాను.
చిరిగిన ఆ ఒక్క పక్కనుంచే పాకి పాకి
ఇంత అల్లుకుంది, పాపం.

ఇనపచువ్వ తెచ్చాడు వాడు. వద్దన్నాను.
బల్ల సొరుగులో దువ్వెనలున్నాయి,
పెద్ద పళ్ళవి, గేదె కొమ్మువి,
మూడేళ్ళుగా ఎవరూ అడగనివి.
ఒకటి తీశాను.
కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి
"నా తల ఏనాడైనా దువ్వేవేటి?" అంది.
దువ్వలేదు.
"సివర్ల కాణ్ణుంచి తియ్యాల చిక్కు" అంది, ఉండబట్టలేక.
చివర్ల నుంచే తీశాను.
కుళ్ళినవి పళ్ళకి చుట్టుకొచ్చాయి, తెల్లవి నిలిచాయి.
తిరిగి తిరిగి తన మొదలునే నొక్కుతున్న లావు వేరుని
కత్తితో కోశాను.
పాలు రాలేదు, నీరూ రాలేదు.
ఆకు మాత్రం నా మణికట్టు మీద
రెండు గీతలు గీసింది.
చెల్లుకి చెల్లు.

కొత్త తొట్టి పాతదానికంటే నాలుగు వేళ్ళు పెద్దది, అంతే.
అడుగున పెంకులు,
మహేంద్రతనయ ఇసక, ఎర్రమన్ను, చివికిన పేడ,
ఆపైన మా నేల ఊడ్చిన కొమ్ముపొట్టు,
ఆకురాయి కింద రాలిన నల్లపొడి.
మా నాన్న గులాబీల వాళ్ళకి శేరు లెక్కన కొలిచేవాడు.
నిదానంగా పెడుతుందిరా తిండి, అనేవాడు,
తొందరున్న మొక్కలకి పనికిరాదు.

మొదలు పాత లోతుకే ఉంచి మట్టి నొక్కాం.
నీళ్ళు పోశాం.
ఈసారి లోపలికి వెళ్ళాయి,
గుక్క గుక్కగా, వినబడేలా.

సాయంత్రానికి ఆకులు రాలాయి.
బిభూతి లెక్కపెట్టి "ఎగార" అన్నాడు.
నమ్మకం కుదరక తెలుగులో లెక్కపెట్టాను.
పదకొండే.

దువ్వెన కడుగుతూ చూస్తే ఒక పన్ను లేదు,
విరిగి లోపలే ఉండిపోయింది.
తవ్వనా, అన్నాడు వాడు.
ఉండనీ, అన్నాను.
కొమ్మేగా.
ఏడాదికో రెండేళ్ళకో
తింటుంది.